టైల్స్ సందుల్లో మొండి మరకలు: దేనికి ఏది వాడాలి?

కావలి_వంటిల్లు
అందరికీ నమస్కారం. కింది అంతస్తు ఇల్లు, బోరు నీళ్లు. అడుగు బై అడుగు సెరామిక్ టైల్స్, సందు 3 మిల్లీమీటర్లు. సందులు నింపడానికి ప్యాకెట్‌లో అమ్మే గ్రౌట్ పొడి కాదు, అప్పట్లో మేస్త్రీ వైట్ సిమెంట్ కలిపి రుద్దేశాడు. మరకలు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉన్నాయి. పొయ్యి గట్టు కింద పసుపూ జిడ్డూ కలిసిన మడ్డి రంగు. స్నానాల గది మూలల్లో నలుపు. వరండాలో ఇనుప స్టాండు కాళ్ల కింద తుప్పు. పడమటి గోడ వెంబడి సందుల్లో ఉప్పు పేలినట్టు తెల్లగా పొడి. సబ్బు పొడి అయింది, వంట సోడా మీద వెనిగర్ పోసి రుద్దడమూ అయింది. అన్నిటికీ పనికొచ్చే మందు ఒకటి ఉంటే చెప్పండి. టైల్స్ పీకించే ఆలోచన లేదు.

రసాయనం_సారు
అన్నిటికీ ఒకటే మందు లేదండీ. మీరు చెప్పిన నాలుగూ నాలుగు వేరువేరు పదార్థాలు. ఒకదాన్ని కరిగించేది ఇంకోదాన్ని గట్టిపరుస్తుంది. తుప్పు మీద బ్లీచ్ పోస్తే తుప్పు పోకపోగా ఇంకా ముదురుతుంది. తెల్ల ఉప్పు మీద నీళ్లు పోసి కడిగితే అది కరిగి లోపలికి దిగి, ఆరాక మళ్లీ పైకొస్తుంది. పసుపు మీద సోడా వేస్తే ఎర్రబడుతుంది.

వంట సోడా, వెనిగర్ కలిపితే బుసబుస పొంగుతుంది కాబట్టి పని జరుగుతున్నట్టే ఉంటుంది. నిజానికి ఒకటి క్షారం, ఇంకోటి ఆమ్లం. రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది ఒక రకం ఉప్పు కలిసిన నీళ్లే. విడివిడిగా అయితే రెంటికీ పని ఉంది, కలిపితే రెండూ దండగ.

మందు సంగతి తర్వాత. ముందు మీ సందులు ఏ స్థితిలో ఉన్నాయో తేల్చుకోండి.

ఒంగోలు_తాపీ
సారు చెప్పింది కరెక్టు. తేల్చుకోవడం ఎట్టాగంటే, బాగా ఆరిన సందు మీద చెంచాతో ఒక నీటి చుక్క వేయండి. అర నిమిషంలో ఇంకిపోయి సందు నల్లబడితే అది వట్టి సిమెంట్, పైన ఏ పూతా లేదు, నూనె పడినా పసుపు పడినా అంతే వేగంగా తాగుతుంది. ఐదు నిమిషాలు చుక్క చుక్కలాగే నిలబడితే సీలర్, అంటే నీరు ఇంకకుండా కొట్టే పూత ఉన్నట్టు, లేదా ఎపాక్సీ, అంటే సిమెంట్ బదులు రెజిన్‌తో చేసిన గ్రౌట్. తర్వాత మేకు మొనతో సందు మీద ఒక గీత గీయండి. పిండిలా రాలితే సిమెంట్ చచ్చిపోయినట్టు లెక్క. అది ఎంత కడిగినా నిలవదు, గీకి కొత్తది నింపాల్సిందే. తెల్లగా గీత పడి పిండి రాలకపోతే కడగడానికి పనికొస్తుంది. పొయ్యి దగ్గర, బాత్రూంలో, వరండాలో విడివిడిగా చూడండి. ఒకే ఇంట్లో మూడు చోట్లా మూడు రకాలుగా ఉంటుంది.

కావలి_వంటిల్లు
చూశానన్నా. మూడు చోట్లా చుక్క ఇంకిపోయింది. మేకు పరీక్షలో వంటిల్లు, వరండా గట్టిగానే ఉన్నాయి. బాత్రూంలో తలుపు దగ్గర బారెడు మేర పిండి రాలుతోంది. అక్కడ టాయిలెట్ యాసిడ్ పోసి కడిగేవాళ్లు.

రసాయనం_సారు
ఆ బారెడు మేర ఎందుకు పోయిందో మీ మాటలోనే ఉంది. టాయిలెట్ కడిగే సీసాల్లో చాలావాటి మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని రాసి ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో లేబుల్ లేని సీసాలో పోసి ఇచ్చేది ఇంకా ఘాటు. గట్టిపడిన సిమెంట్‌లో ఉండేది చాలామటుకు సున్నం సంబంధమైన పదార్థమే. యాసిడ్ పడగానే సందు మీద సన్నగా నురగ లేస్తుంది, చిన్నగా సుయ్యిమంటుంది. మరక కరుగుతోందని అనుకుంటాం గానీ కరిగేది సందే. కడిగాక పాల తెలుపులో మెరుస్తుంది. దాని మీద వేలు పెట్టి చూడండి, ఉప్పు కాగితంలా గరుకుగా తగులుతుంది. పైపొర పోయి లోపలి గుంటలు బయటపడ్డాయన్నమాట. వారం తిరక్కుండా ఆ గుంటల్లో తుడిచిన మురికి కూరుకుని ముందుకన్నా నల్లగా అవుతుంది. మళ్లీ యాసిడ్, మళ్లీ నలుపు.

ఇంకొకటి. ఆ యాసిడ్, సున్నం కలిసి కాల్షియం క్లోరైడ్ తయారవుతుంది. అది గాలిలోని తేమను లాగే ఉప్పు. సరిగా కడగకపోతే సందు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, చెమ్మ ఉన్నచోట బూజు ఖాయం. స్టీలు జాలీలు, కుళాయిల మెరుపు పోవడం దీనికి అదనం.

అందుకని సిమెంట్ సందుల మీద యాసిడ్ సీసా వద్దు. తుప్పుకు మాత్రం బలహీనమైన ఆమ్లం కావాలి, దాని పద్ధతి వేరు.

గడప_పసుపు
వంటింటి మరక సంగతి నేను చెబుతా అక్కా. చేపల పులుసు వండే పొయ్యి కింద సందంటే పసుపు, కారం, నూనె, చింతపండు నాలుగూ అందులోనే ఉంటాయి. నూనె పైన, రంగు లోపల. పైన జిడ్డు ఉండగా రంగు తీసే మందు లోపలికి దిగదు. కాబట్టి ముందు జిడ్డు.

లీటరు వేడి నీళ్లకు రెండు పెద్ద చెంచాల చాకలి సోడా. చేతికి గ్లవుజులు వేసుకోవాలి, చర్మం చీరుకుపోతుంది. సందుల వెంట పోసి పది నిమిషాలు ఆగి నైలాన్ బ్రష్షుతో సందు పొడవునా రుద్దాలి, అడ్డంగా కాదు. ఇనుప పీచు, తీగ బ్రష్షు వద్దే వద్దు. అందులోంచి విరిగిన సన్నని ఇనుప ముక్కలు సందులో ఉండిపోయి నాలుగు రోజులకు తుప్పు చుక్కలు తేల్తాయి. రుద్దాక ఆ మురికి నీళ్లు అక్కడే ఆరనియ్యొద్దు. స్పాంజితో గానీ తడిగుడ్డతో గానీ పైకి ఎత్తేయాలి. టైల్ కంటే సందు పల్లం, మురికి అంతా అందులోకే జారుతుంది.

ఈ దశలో పసుపు మరక ఎర్రగా, ఇటుక రంగుకు తిరుగుతుంది. కంగారు పడొద్దు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేదీ ఈ గుణం వల్లే. కొత్తగా వేసిన సిమెంట్ సందు మీద పసుపు నీళ్లు పడితే ఏమీ కలపకుండానే ఎర్రబడేదీ ఇందుకే.

తర్వాత రంగు. మెడికల్ షాపులో 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది. మూడు చెంచాల వంట సోడాలో రెండు చెంచాల పెరాక్సైడ్ పోసి ఇడ్లీ పిండంత చిక్కగా కలిపి సందులో పూయండి. పైన ప్లాస్టిక్ కవరు పరవాలి, లేకుంటే ఫ్యాను గాలికి పది నిమిషాల్లో ఎండిపోయి పని ఆగిపోతుంది. అరగంట తర్వాత రుద్ది ఎత్తేయండి. ముదురు మరకైతే రెండుసార్లు. కలిపింది దాచుకోకూడదు, పెరాక్సైడ్ బలం పోతుంది, మూత బిగిస్తే సీసా ఉబ్బుతుంది.

పెన్నా_గట్టు
అక్క చెప్పిన రెండు పనులూ ఒకే పొడితో కావాలంటే బట్టల మరకలకు అమ్మే ఆక్సిజన్ పొడి చూడండి. డబ్బా మీద సోడియం పర్‌కార్బనేట్ అని ఉండాలి. నీళ్లలో పడితే అది చాకలి సోడాగా, పెరాక్సైడ్‌గా విడిపోతుంది. అర లీటరు వేడి నీళ్లకు రెండు పెద్ద చెంచాలు. చెయ్యి పెట్టలేనంత వేడి చాలు, సలసల మరిగే నీళ్లు అక్కర్లేదు. సందులు తడిసి నీళ్లు నిలిచేలా పోసి ఇరవై నిమిషాలు ఆగాలి. చాలామంది పోసిన వెంటనే రుద్దేస్తారు. పని చేసేది నానడం, రుద్దడం కాదు.

కలిపింది గంటలోపు వాడేయాలి. స్ప్రే సీసాలో పోసి మూత పెట్టొద్దు, గ్యాసుకు పగులుతుంది.

వరండాలో గడప దగ్గర పసుపు మరకైతే పెరాక్సైడ్ పూసి ఎండ తగలనివ్వండి. పసుపు రంగు వెలుతురుకు తట్టుకోదు. ముగ్గుల రంగులకు మాత్రం ఇది పారదు. అవి సన్నని పొడి, సందు గుంటల్లో కూర్చుంటాయి. నీళ్లు తగలకముందే పొడి బ్రష్షుతో చిమ్మి ఎత్తేయాలి. ముందే తడిపితే గంధంలా లోపలికి అంటుకుంటాయి.

కనిగిరి_బోరు
ఇక తెల్ల పొడి. ఇది రెండు రకాలు, కలిపేయొద్దు.

టైల్ మీదా సందు మీదా పెంకులా గట్టిగా, గోరుతో గీకినా రాకుండా ఉంటే అది బోరు నీళ్ల చార. కాల్షియం, మెగ్నీషియం. కుళాయి కింద, బకెట్ పెట్టే చోట కడుతుంది. సబ్బుతో కలిస్తే బూడిద రంగు జిడ్డు అవుతుంది.

మెత్తగా పొడిలా, వేలికి అంటుకుంటూ, గోడ వారనే వస్తే అది లోపలి చెమ్మ మోసుకొచ్చిన ఉప్పు. మీ పడమటి గోడది ఇదే అనిపిస్తోంది. పునాదిలోంచో బాత్రూం లీకు నుంచో చెమ్మ సందు గుండా పైకి వచ్చి, నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతోంది. దీన్ని బాగా ఎండిన రోజు పొడి బ్రష్షుతో దులిపి, చాటలోకి ఎత్తి పారేయండి. నీళ్లతో కడగొద్దు. ఆఖర్న పిండిన తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. నెల రోజుల్లో మళ్లీ వస్తే సందు తప్పు కాదు, చెమ్మ ఎక్కడిదో వెతకాలి. గోడకు అవతలి వైపు నేల ఎత్తు, వాన నీరు నిలవడం, పైపు జాయింటు చూడండి. చెమ్మ ఆగకుండా పైన సీలర్ కొడితే ఉప్పు దాని కింద పేరుకుని సందును ముక్కలుగా ఎగదన్నుతుంది.

దర్శి_కుళాయి
మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ జాస్తి కదా, ఈ తెల్ల చార దానివల్లేనా?

కనిగిరి_బోరు
కాదు తమ్ముడూ. ఫ్లోరైడ్ ఒంటికి చేసే చెరుపు వేరు, పళ్లకూ ఎముకలకూ. నేల మీద కట్టే చార నీటి కాఠిన్యం వల్ల. రెండూ ఒకే బోరులో ఉండొచ్చు గానీ ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లలోనూ చార గట్టిగా కట్టొచ్చు.

దీన్ని ఆనుకుని ఒక మాట. ఆర్‌ఓ మిషన్ నుంచి వదిలే వేస్టు నీళ్లు పట్టి ఇల్లు తుడిచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ నీళ్లలో ఉప్పులు బోరు నీళ్లకంటే చిక్కగా ఉంటాయి. తుడిచిన ప్రతిసారీ సందుల్లో ఒక పొర ఉప్పు మిగులుతుంది. వాటిని టాయిలెట్ ఫ్లష్‌కు వాడుకోండి, నేలకు వద్దు.

రసాయనం_సారు
గట్టి చారకూ తుప్పుకూ కలిపి చెబుతాను, రెంటికీ నిమ్మ ఉప్పే, అంటే సిట్రిక్ యాసిడ్.

ముందు సందును మామూలు నీళ్లతో బాగా తడపండి. ఇది మరవకూడని మెట్టు. గుంటలు నీళ్లతో నిండి ఉంటే ఆమ్లం పైనున్న మరకతోనే ఆగుతుంది. పొడి సందైతే లోతుకు లాగేసుకుని సిమెంట్‌ను తింటుంది.

చారకు అర లీటరు గోరువెచ్చని నీళ్లకు ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు. టైల్ మీద గుడ్డ తడిపి పరవండి, సందు మీద ఐదు నిమిషాలు మించొద్దు. తుప్పుకు అదే నిమ్మ ఉప్పును కాస్త చిక్కగా, చిన్న టీ గ్లాసు నీళ్లకు ఒక పెద్ద చెంచా కలిపి, టాల్కమ్ పౌడరుతో ముద్ద చేసి మరక మీద మాత్రమే పెట్టండి. పది నిమిషాలకు ముద్ద పసుపు పచ్చగా మారితే ఇనుము ఎక్కుతున్నట్టు. ఎత్తేసి కొత్త ముద్ద. ఘాటు పెంచకండి, సార్లు పెంచండి.

అయ్యాక నీళ్లతో కడిగి, లీటరు నీళ్లకు ఒక చెంచా వంట సోడా కలిపి ఒకసారి పోసి, మళ్లీ మంచి నీళ్లు. మిగిలిన ఆమ్లం చచ్చిపోతుంది.

ఏళ్ల తరబడి పాతుకున్న తుప్పు దీనికి లొంగకపోతే మార్బుల్ పాలిష్ వాళ్లు వాడే ఆక్సాలిక్ యాసిడ్ పొడి. ఒక చిన్న చెంచా, 100 మిల్లీలీటర్ల నీళ్లు, అదే ముద్ద పద్ధతి. ఇది విషం. వంట గిన్నెల్లో కలపొద్దు, పిల్లలకు అందే చోట ఉంచొద్దు, పొడి ఎగిరేలా పోయొద్దు. స్టాండు కాళ్లకు రబ్బరు తొడుగులు వేశాకే ఈ పని మొదలుపెట్టండి.

గూడూరు_నీలి
బాత్రూం నలుపుకు బ్లీచింగ్ పౌడరు చల్లి రాత్రంతా వదిలేస్తే పోదా? ఊళ్లో బావుల్లో వేసేది ఇంట్లో ఉంది.

పెన్నా_గట్టు
నలుపు పోతుంది గానీ పౌడరులో సున్నం ఉంటుంది, అది సందుల్లో తెల్లటి మడ్డిగా మిగులుతుంది. పైగా రాత్రంతా మూసిన బాత్రూంలో ఆ వాసన మంచిది కాదు. ద్రవ బ్లీచ్ తీసుకోండి, లేబుల్ మీద సోడియం హైపోక్లోరైట్ అని ఉండేది. 100 మిల్లీలీటర్లు, రెండు లీటర్ల చల్లటి నీళ్లు. వేడి నీళ్లు పోస్తే బలం విరుగుతుంది. బూజు మీద సబ్బు జిడ్డు ఉంటే ముందు చాకలి సోడాతో అది తీసేసి బాగా కడగండి. తర్వాత బ్లీచ్ నీళ్లు పోసి పది నిమిషాలు. రుద్దాల్సిన పని దాదాపు ఉండదు. తలుపు తీసి ఉంచండి.

గోడా నేలా కలిసే మూలలో నలుపు పోకపోతే అక్కడ సిలికాన్, అంటే రబ్బరులా సాగే పూడిక ఉందేమో చూడండి. సిలికాన్ లోపలికి దిగిన బూజు ఏ మందుకూ రాదు. బ్లేడుతో కోసి తీసి, ఒక రోజు పూర్తిగా ఆరబెట్టి, బూజు పట్టని రకం సిలికాన్ కొత్తగా వేయాలి. ఆ మూలలో సిమెంట్ నింపితే గోడా నేలా కదిలే కాస్త కదలికకే పగులుతుంది, పగుల్లో నీరు దిగుతుంది.

రసాయనం_సారు
అందరూ ఇది చదవాలి. బ్లీచ్ వాడే రోజు యాసిడ్, టాయిలెట్ క్లీనర్, నిమ్మ ఉప్పు, వెనిగర్ ఏదీ ఆ గదిలో వాడొద్దు. కలిస్తే క్లోరిన్ గ్యాస్. చిన్న బాత్రూంలో ఊపిరితిత్తులకు ప్రమాదం. నేల కడిగేశాం కదా అనుకుంటారు, జాలీ కింద నీళ్లు నిలిచే చోట యాసిడ్ మిగిలే ఉంటుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరుతోనూ బ్లీచ్ కలపకూడదు. కళ్లు మండి గొంతు పట్టేస్తే ఏమీ కడగబోకండి, గమ్మున బయటికి వచ్చేయండి. గాలి ఆడాకే లోపలికి.

ఒంగోలు_తాపీ
పిండి రాలే ఆ బారెడు మేర సంగతికి వస్తా. దాని మీద కొత్త గ్రౌట్ పైపైన రుద్దితే రెండు నెలల్లో పెచ్చులూడుతుంది. టైల్ మందంలో కనీసం సగం లోతు, అంటే 4 మిల్లీమీటర్లు గీకి తీయాలి. గ్రౌట్ గీకే బ్లేడు దొరికితే అది, లేదంటే హాక్సా బ్లేడు. కట్టర్ మిషన్ పెడితే పని తొందరగానే అవుతుంది గానీ చెయ్యి వణికిందా టైల్ అంచు పెచ్చు లేచినట్టే. దుమ్మంతా చిమ్మి తడి స్పాంజితో తుడవాలి, కానీ సందులో నీళ్లు నిలవకూడదు.

3 మిల్లీమీటర్ల వరకు ఇసుక లేని గ్రౌట్, అంతకు మించితే ఇసుక రకం. అడుగు బై అడుగు టైల్స్, 3 మిల్లీమీటర్ల సందు, 4 మిల్లీమీటర్ల లోతుకు 100 చదరపు అడుగులకు సుమారు కిలోంబావు పడుతుంది. రాలేదీ పోయేదీ కలిపి కిలోన్నర పెట్టుకోండి. రెండడుగుల టైల్స్ అయితే ఇందులో సగం.

కిలో పొడికి నీళ్లు దాదాపు 300 మిల్లీలీటర్లు, ప్యాకెట్ మీద ఏది రాసుంటే అదే ఖాయం. కలిపి ఐదు, పది నిమిషాలు వదిలి మళ్లీ కలపాలి, కొత్తగా నీళ్లు పోయకుండా. చాలా పనులు చెడేది ఇక్కడే. గట్టిపడుతోందని నీళ్లు పోస్తారు, ఆరాక సందు ఒకచోట తెల్లగా ఒకచోట బూడిదగా మచ్చలు మచ్చలుగా తేల్తుంది, బలమూ ఉండదు. రబ్బరు పట్టీని సందుకు ఐమూలగా లాగాలి. సందు వెంబడి లాగితే పట్టీ అంచు గ్రౌట్‌ను పైకి తోడేస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలకు పిండిన స్పాంజితో తుడుచుకోవాలి.

ఎండాకాలం మన వైపు ఇంకో జాగ్రత్త. రోహిణి కార్తెలో మధ్యాహ్నం గ్రౌట్ పడితే గట్టిపడేలోపే నీరు ఆవిరైపోయి పొడిబారి చీలుతుంది. పొద్దున్నే మొదలుపెట్టి, ఫ్యాను ఆపి, మొదటి రోజు రెండు మూడుసార్లు తడిగుడ్డ అద్దండి. ఒక రోజు నడవొద్దు, బాత్రూం అయితే మూడు రోజులు నీళ్లు పోయొద్దు.

చీమకుర్తి_రాయి
తాపీ అన్నా, బాత్రూంకు సిమెంట్ గ్రౌట్ ఎందుకు, ఎపాక్సీ వేయిస్తే మరక బాధే ఉండదు కదా.

ఒంగోలు_తాపీ
మంచిదే, పసుపూ నూనే తాగదు, సీలర్ అక్కర్లేదు. కానీ సొంతంగా చేసుకునే వాళ్లకు నేను చెప్పను. రెజిన్, హార్డెనర్, పొడి మూడూ ప్యాకెట్‌లో ఇచ్చిన కొలత మొత్తం ఒకేసారి కలపాలి. అందాజుగా సగం కలిపితే సరిగా గట్టిపడక జిగటగా ఉండిపోతుంది. కలిపాక చేతిలో ఉండేది ముప్పావు గంట, ఎండల్లో ఇంకా తక్కువ. టైల్ మీద మిగిలిన పొరను అప్పటికప్పుడు తుడవకపోతే తర్వాత గీకడమే గతి. పాత సిమెంట్ సగం ఉండగా పైన పలచగా పూస్తే పట్టదు. లోతుగా తీసి, పూర్తిగా ఆరబెట్టి, తెలిసిన చేతితో వేయించుకుంటే వేయించుకోండి.

కావలి_వంటిల్లు
బాత్రూంకు సిమెంట్ గ్రౌటే అనుకుంటున్నా. సీలర్ ఎప్పుడు కొట్టాలి? ఇంకొకటి, దేవుడి గదిలో దీపం కుందుల కింద నల్లటి నూనె మరక ఉంది, అది రాయడం మరిచాను.

గడప_పసుపు
దీపం నూనె పాతదైతే బంకలా బిగుసుకుని ఉంటుంది. రుద్దితే రాదు, పీల్చాలి. సుద్దపొడి గానీ టాల్కమ్ పౌడరు గానీ చాకలి సోడా నీళ్లతో ముద్ద కలిపి మరక మీద వేలి మందాన పెట్టి, కవరు కప్పి అంచులకు టేపు వేయండి. పన్నెండు గంటలు. తర్వాత కవరు తీసి ముద్ద పూర్తిగా ఎండనివ్వండి, ఎండేటప్పుడే నూనెను పైకి లాగుతుంది. ముద్ద పచ్చగా, జిడ్డుగా అయిందంటే పని అవుతున్నట్టు. రెండు మూడుసార్లు పడుతుంది. కిరోసిన్ వద్దు, పక్కనే దీపం వెలిగే చోటు.

పెన్నా_గట్టు
కొత్త గ్రౌట్ వేశాక ఎన్నాళ్లు ఆగాలో సీలర్ డబ్బా మీద రాసి ఉంటుంది, దాని ప్రకారం ఆగండి. పాత సందులైతే కడిగాక కనీసం రెండు రోజులు ఎండాలి, చెమ్మ లోపల మూతపడకూడదు. సన్న బ్రష్షుతో సందు మీదే పూసి, టైల్ మీద పడింది ఐదు నిమిషాల్లో పొడిగుడ్డతో తుడిచేయండి. ఆరితే మసక పొర కడుతుంది. రెండో పూత. మర్నాడు తాపీ అన్న చెప్పిన నీటి చుక్క పరీక్షే మళ్లీ. చుక్క నిలబడకపోతే అక్కడ ఇంకో పూత.

రోజూ తుడిచేటప్పుడు రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి మందు నీళ్లు, ఒకటి గుడ్డ జాడించడానికి. గదికొకసారి నీళ్లు మార్చాలి. నురగ వచ్చేంత సబ్బు పోయొద్దు, సందుల్లో మిగిలిన సబ్బు మురికిని పట్టి ఉంచుతుంది.

కావలి_వంటిల్లు
చివరిగా ఒకటి. పొయ్యి గట్టు నల్ల గ్రానైట్, గిన్నెలు తోమే చోట కడప బండ. టైల్స్ వాటిని ఆనుకునే ఉన్నాయి. ఈ ముద్దలు వాటి మీద పడితే?

చీమకుర్తి_రాయి
గ్రానైట్‌కు చాకలి సోడా, పర్‌కార్బనేట్ పడినా కడిగేస్తే చాలు. బ్లాక్ గెలాక్సీ అయినా మరో నలుపు అయినా ఘాటు యాసిడ్ మాత్రం తగలనివ్వొద్దు, రాయిలోని ఇనుము తుప్పు రంగు తేలొచ్చు.

కడప బండ వేరు, అది సున్నపురాయి. నిమ్మ ఉప్పు చుక్క పడినా అక్కడ పాలిష్ పోయి తెల్లటి మచ్చ పడుతుంది. అది మరక కాదు, రాయే కరిగిన గుర్తు, ఏం రుద్దినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాలి. అందుకని బండకూ టైల్‌కూ మధ్య ఉన్న ఆ ఒక్క సందులో నిమ్మ ఉప్పు, ఆక్సాలిక్ రెండూ మానేయండి. బండ అంచు పొడిగా తుడిచి పెయింటర్లు వాడే కాగితం టేపు రెండు వేళ్ల వెడల్పున అతికించి, సందులో పెరాక్సైడ్ ముద్ద పెట్టండి. టేపు తీసేముందు ముద్దంతా చెంచాతో ఎత్తేయండి.